రిజర్వులో పడ్డ బండి కొండెక్కుతుందా?

తిరుపతిలో బైకు నడిపేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. అలిపిరి చెకింగ్ దాటామంటే ఘాట్ రోడ్డు పొడవునా ఒక్క పెట్రోలు బంకు లేదు. రెండు పక్కలా శేషాచలం అడవి. సరిగ్గా అప్పుడే మీటర్లో చివరి గీత మినుకుమనడం మొదలుపెడుతుంది. పాత బండైతే ఇంజను రెండుసార్లు తన్నుకుంటుంది, ఎడమ చెయ్యి దానంతటదే ట్యాంకు కిందికి పోతుంది. "ఏమైంది?" అని వెనక కూర్చున్నవాళ్లు అడుగుతారు. "ఏం లేదు, రిజర్వులో పడింది, పోతుందిలే" అంటాం. ఆ మాటలో ధైర్యమే తప్ప లెక్క ఉండదు.

ఎంత దూరం పోతుందని నలుగురిని అడిగి చూడండి. ఒకరు ముప్పై కిలోమీటర్లంటారు, ఒకరు యాభై అంటారు, ఇంకొకరు "రిజర్వులోనే చిత్తూరు దాకా పోయినానన్నా" అంటారు. తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు. వీళ్లెవరూ కోతలు కోయడం లేదు. ముగ్గురి బళ్లూ వేరు, ముగ్గురూ పోయిన దారులూ వేరు. రిజర్వు దూరం మూడు విషయాల మీద ఆధారపడుతుంది: ట్యాంకులో ఇంకా ఎన్ని లీటర్లుంది, అందులో ఇంజనుకు అందేది ఎంత, అందిన పెట్రోలు ఆ దారిలో ఎంత మైలేజీ ఇస్తుంది. మనం మామూలుగా మొదటిదాన్ని మూడోదానితో గుణించి ఊరుకుంటాం. రెండోదాన్ని మరిచిపోతాం, మూడోది ఎప్పుడూ ఒకేలా ఉంటుందనుకుంటాం.

చిటికెన వేలంత గొట్టం

రిజర్వు అంటే ట్యాంకులో ఇంకో చిన్న ట్యాంకు ఉంటుందని చాలామంది నమ్మకం. అలాంటిదేమీ లేదు. కరకంబాడి రోడ్డులో ఒక మెకానిక్ షెడ్డులో పాత స్ప్లెండర్ ట్యాంకు విప్పి పక్కన పెట్టి ఉంది. దాని అడుగు నుంచి ఊడదీసిన పెట్రోలు ట్యాప్‌ను మెకానిక్ అరచేతిలో పెట్టి చూపించాడు. పైన నిలువుగా చిటికెన వేలంత సన్నటి గొట్టం, దాని చుట్టూ జాలీ. గొట్టం మొదట్లో, అంటే ట్యాంకు అడుగుకు ఆనుకునే చోట, ఇంకో చిన్న రంధ్రం. "ఇదేనన్నా రిజర్వు. ఇంగేముంది దీంట్లో!" అన్నాడు.

నిజంగానే అంతకుమించి ఏమీ లేదు. ట్యాప్ ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోలు ఆ గొట్టం పై మూతిలోంచి కిందికి దిగుతుంది. ట్యాంకులో మట్టం ఆ మూతి కంటే కిందికి పోయిందంటే గొట్టంలోకి గాలి వస్తుంది, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్‌కు పెట్రోలు ఆగిపోతుంది. కార్బురేటర్ గిన్నెలో మిగిలిన కొద్దిపాటి పెట్రోలుతో బండి ఇంకాస్త దూరం పోయి మిస్సింగ్ కొడుతుంది. అప్పుడు ట్యాప్‌ను రిజర్వుకు తిప్పితే అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుని మిగిలిన పెట్రోలు దిగుతుంది. కాబట్టి రిజర్వు పరిమాణం అంటే గొట్టం మూతి కింద ట్యాంకులో పట్టేంత పెట్రోలు. ఆ గొట్టం ఎత్తు మారితే రిజర్వు కూడా మారిపోతుంది. ట్యాప్ లీకవుతోందని మార్పించుకుని, చవగ్గా దొరికే వేరే మోడల్ ట్యాప్ వేయించుకున్నవాళ్ల బళ్లలో ఇదే జరుగుతుంది. గొట్టం పొట్టిదైతే బండి ఆలస్యంగా రిజర్వులో పడుతుంది, పడ్డాక తక్కువ దూరం పోతుంది. గొట్టం మొదట్లో చిట్లితే రిజర్వన్నదే ఉండదు, ఆన్‌లోనే అడుగుదాకా తాగేసి ఒకేసారి ఆగుతుంది. కంపెనీ పుస్తకంలో రాసిన లీటర్లు ఆ బండికి వర్తించవు.

రెండో చిక్కు ట్యాంకు ఆకారంలో ఉంది. బైకు ట్యాంకు పైనుంచి చూస్తే ఒకే ముద్దలా కనిపిస్తుంది గానీ, కింద మధ్యలో ఫ్రేమ్ పైపు కోసం లోతైన గాడి ఉంటుంది. ట్యాంకు ఆ పైపు మీద కావడిలా రెండు పక్కలకూ వేలాడుతుంది. నిండుగా ఉన్నప్పుడు రెండు పక్కల పెట్రోలూ గాడి మీదుగా కలిసే ఉంటుంది. మట్టం తగ్గాక ఎడమ పక్కది ఎడమ పక్కనే, కుడి పక్కది కుడి పక్కనే ఉండిపోతుంది. మన బళ్లలో ఎక్కువ వాటికి ట్యాప్ ఎడమవైపు ఉంటుంది. కుడి పక్క మిగిలింది ట్యాంకులో ఉన్నట్టే గానీ ఇంజనుకు అందదు. కొన్ని కంపెనీలు తమ పుస్తకాల్లో రిజర్వు ఇంత అని, అందులో వాడుకోదగ్గది ఇంత అని రెండు అంకెలు వేరువేరుగా ఇచ్చేది ఇందుకే. మనవాళ్లు మొదటి అంకె చూసి పుస్తకం మూసేస్తారు.

ఆగిపోయిన బండిని అడ్డంగా వంచి లేపితే మళ్లీ స్టార్ట్ కావడం అందరూ చూసే ఉంటారు. అందులో మాయ లేదు. ట్యాప్ ఉన్న వైపుకు బాగా వంచినప్పుడు అవతలి పక్క చిక్కుకున్న పెట్రోలు గాడి దాటి ఇవతలికి వస్తుంది. కొందరు రెండు వైపులా ఊపుతారు, కుడికి ఊపడం వల్ల లాభం లేదు సరికదా వచ్చింది కాస్తా వెనక్కి పోతుంది.

ట్యాప్ లేని బళ్ల సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఎఫ్ఐకి, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వీటిలో తిప్పడానికి ట్యాప్ లేదు. ట్యాంకు లోపలే ఒక ఎలక్ట్రిక్ పంపు ఉండి పెట్రోలును ఒత్తిడితో ఇంజనుకు పంపుతుంది. రిజర్వు అనేది ఇప్పుడు మీటరు చెప్పే మాట. ట్యాంకులో తేలే బెండు ఒకటి తీగ చివర ఉంటుంది, అది కిందికి దిగేకొద్దీ మీటర్లో గీతలు తగ్గుతాయి, చివరి గీత మినుకుమంటుంది లేదా పసుపు లైటు వెలుగుతుంది.

ఇక్కడ తేడా గమనించాలి. పాత బండిలో ఇంజను తన్నుకుంటే పెట్రోలు కచ్చితంగా గొట్టం మూతి కిందికి పోయినట్టే. కొత్త బండిలో బెండు చెప్పేది అంచనా. ఎక్కేటప్పుడు పెట్రోలు ట్యాంకు వెనక్కి, దిగేటప్పుడు ముందుకు జరుగుతుంది, దాంతో బెండు కూడా లేస్తుంది, దిగుతుంది. కపిలతీర్థం రోడ్డులో రెండు గీతలు చూపించిన మీటరు ఘాట్ మొదలయ్యాక ఒకటే చూపించవచ్చు, దానికి తలకిందులుగానూ జరగవచ్చు. ఇంకెన్ని కిలోమీటర్లు పోతుందో అంకెల్లో చూపించే బళ్లయితే, ఇప్పటిదాకా మనం నడిపిన తీరును బట్టి లెక్క కడతాయి. చదునైన రోడ్డులో 60 చూపించింది నాలుగు మలుపులు ఎక్కేసరికి 35కు పడిపోతే బండి చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. ఎదర ఎక్కుడు దారి ఉందని దానికి ముందుగా తెలియదు.

ఎఫ్ఐ బండికి ఇంకో మాట. పంపుకు చల్లదనమూ పెట్రోలే, కందెనా పెట్రోలే. మట్టం అడుగంటినప్పుడు మలుపుల్లో, గుంతల్లో పంపు గాలి మింగుతుంది, వేడెక్కుతుంది. ఒకసారి ఆగినంత మాత్రాన ఏమీ కాదు. రోజూ అడుగంటేదాకా నడిపితే మాత్రం పంపు ఆయుష్షు తగ్గుతుంది, మార్చాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. కార్బురేటర్ బండివాడికి ఈ బాధ లేదు.

కొండ లెక్క

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు. 1944లో వేసిన మొదటిది ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. ఎక్కే దారి సుమారు 16 కిలోమీటర్లు, దిగేది సుమారు 19. ఊరికీ కొండకీ మధ్య ఎత్తు తేడా దాదాపు 700 మీటర్లు.

ఒక 100 సీసీ బండి, దాని మీద ఇద్దరు మనుషులు. అంతా కలిపి 240 కిలోలు అనుకుందాం. ఈ బరువును 700 మీటర్లు పైకి లేపడానికి కావలసిన శక్తి, బడిలో చదువుకున్న సూత్రం ప్రకారం, పదహారు పదిహేడు లక్షల జౌళ్లు. లీటరు పెట్రోలులో మూడు కోట్ల జౌళ్లకు పైనే ఉంటుంది కాబట్టి ఇదెంత అనిపిస్తుంది. కానీ ఆ మూడు కోట్లలో చక్రం దాకా వచ్చేది అయిదో వంతో, నాలుగో వంతో. మిగిలింది వేడిగా సైలెన్సర్ గుండా, ఇంజను రెక్కల గుండా పోతుంది. ఆ లెక్కన కేవలం పైకి లేవడానికే దాదాపు పావు లీటరు పడుతుంది. 16 కిలోమీటర్లు చదునుగా పోయినా ఖర్చయ్యేది ఎలాగూ ఉంది, లీటరుకు 50 చొప్పున అది మూడో వంతు లీటరు. రెండూ కలిపితే అర లీటరు దాటుతుంది. చదునులో 50 ఇచ్చే బండి కొండెక్కేటప్పుడు 30 దగ్గర్లో ఇస్తోందన్నమాట. ఒక్కరే పోతే కాస్త మెరుగు. ముందు సీటులో పిల్లవాడు, హ్యాండిల్‌కు రెండు సంచులు ఉంటే ఇంకా తగ్గుతుంది.

కాబట్టి వాడుకోదగ్గ రిజర్వు లీటరు ఉంటే, అప్పుడే రిజర్వులో పడి ఉంటే, బండి కొండెక్కుతుంది. పడి ఇరవై కిలోమీటర్లు తిరిగాక అలిపిరి వచ్చి ఉంటే అనుమానమే.

దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. ఎఫ్ఐ బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే, ఒక స్థాయి వేగం ఉన్నంతసేపు కంప్యూటర్ పెట్రోలు చుక్క కూడా వదలదు. చక్రాలే ఇంజనును తిప్పుతుంటాయి. కార్బురేటర్ బండి కొద్దిగా తాగుతుంది, అంతే. దాంతో పోనూ రానూ 35 కిలోమీటర్ల ఖర్చు మొత్తంగా చూస్తే ముప్పావు లీటరులోపే తేలుతుంది. అంటే చదునులో వచ్చే మైలేజీకి దగ్గరగానే. "ఘాట్‌లో మైలేజీ ఏమీ తగ్గదన్నా, నేను చూసినా కదా" అని వాదించేవాళ్ల మాట ఇలా నిజమవుతుంది. కాకపోతే సగటు చూసుకోవడానికి ముందు పైకి చేరాలి. పెట్రోలు అయిపోతే ఎక్కేటప్పుడే అయిపోతుంది, మిగులు కనిపించేది దిగేటప్పుడు.

దిగేటప్పుడు ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో జారిపోయేవాళ్ల గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఎఫ్ఐ బండిలో దానివల్ల మిగిలేది దాదాపు సున్నా, పైన చెప్పిన కారణం చేత. కార్బురేటర్ బండిలో మిగిలేది చాలా కొద్ది. దానికి బదులుగా ఇంజను పట్టు పోగొట్టుకుని 19 కిలోమీటర్ల మలుపులన్నీ ఒట్టి బ్రేకుల మీద దిగుతున్నాం. డ్రమ్ము బ్రేకు వేడెక్కితే పట్టు తగ్గుతుందని మొదటి ఘాట్ మలుపుల్లో తెలుసుకోవడం మంచిది కాదు. దిగడానికి కనీసం 40 నిమిషాలు తీసుకోవాలని దేవస్థానం నిబంధన పెట్టింది కూడా వేగాన్ని అదుపులో ఉంచడానికే. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే బ్రేకుకూ మంచిది, పెట్రోలుకూ నష్టం లేదు.

వంద రూపాయల పెట్రోలు

రిజర్వును ఇంజనీర్లు హెచ్చరికగా పెట్టారు. దాన్ని ఇంటిపేరుగా మార్చుకున్నది మనమే. ఆంధ్రలో లీటరు ధర వంద దాటాక, వంద కాగితం ఇస్తే లీటరు కూడా రాదు. ఎస్వీ యూనివర్సిటీ కుర్రాళ్లు, డెలివరీ బళ్లు తిప్పేవాళ్లు, రేణిగుంట వైపు షిఫ్టులకు పోయేవాళ్లు రోజుకింత అని పోయించుకుంటారు, జేబును బట్టి. అందులో తప్పేమీ లేదు. కానీ ట్యాంకులో ఏం జరుగుతోందో చూడండి. గొట్టం మూతి దాకా లీటరున్నర పట్టే బండి అనుకుందాం. అడుగున అర లీటరు ఉంది, పైన 900 మిల్లీలీటర్లు పోయించాం. మట్టం ఇంకా మూతిని తాకలేదు. ట్యాప్‌ను ఆన్‌కు తిప్పితే బండి నడవదు కాబట్టి రిజర్వులోనే ఉంచాలి. ఇక అది ఎప్పటికీ అక్కడే ఉండిపోతుంది. నెలల తరబడి తిప్పకపోయేసరికి లోపల రబ్బరు బిగిసి, తిప్పుదామన్నా తిరగదు.

ఇలాంటి బండికి ఆగిపోయే ముందు తన్నుకోవడమే చివరి మాట, ఆ తర్వాత తిప్పడానికి ఏమీ మిగలదు. పాత స్ప్లెండర్లలో పెట్రోలు మీటరు పనిచేయకపోవడం మామూలే కాబట్టి రెండో సాక్షి కూడా లేడు. చేతిలో డబ్బులు ఆడిన రోజు ఒకసారి మూడు లీటర్లు ఎక్కువ పోయించి ట్యాప్‌ను ఆన్‌కు తిప్పుకుంటే, ఆ తర్వాత రోజుకు వంద చొప్పున పోయించినా హెచ్చరిక మళ్లీ పనిచేస్తుంది. ఖర్చు పెరగదు, ఆ మూడు లీటర్లు ఎక్కడికీ పోవు, ట్యాంకులోనే ఉంటాయి.

ఫుల్ ట్యాంకు కొట్టించేవాళ్లు చేసే పొరపాటు వేరు. రిజర్వులో పడ్డాక బంకుకు వస్తారు, నిండా పోయించుకుంటారు, ట్యాప్‌ను వెనక్కి తిప్పడం మరిచిపోతారు. ఈసారి ట్యాంకు మొత్తం రిజర్వు రంధ్రంలోంచే ఖాళీ అవుతుంది. మామండూరు దాటాక కోడూరు అడవి దారిలో బండి తన్నుకుంటే, ధీమాగా కిందికి చెయ్యి పెట్టి చూస్తే ట్యాప్ ముందే తిరిగి ఉంటుంది.

మురికి, నీళ్లు, ఇథనాల్

రిజర్వులో నడిపితే అడుగు చెత్త ఇంజనులోకి పోతుందన్న భయం పెద్దవాళ్లందరికీ ఉంది. కొంత నిజమే. కానీ రెండు రంధ్రాలకూ జాలీ ఉంటుంది, పైగా ఎప్పుడూ రిజర్వు వాడని ట్యాంకులోనే చెత్త, తుప్పు, నీళ్లు అడుగున నిల్వ ఉండి, అవసరం పడ్డ రోజున ఒక్కసారిగా వస్తాయి. అప్పుడప్పుడు రిజర్వులో పది కిలోమీటర్లు నడపడమే ట్యాంకుకు మంచిది.

నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో బళ్లు ఏమయ్యాయో చూశాం. నీరు పెట్రోలు కంటే బరువు, ట్యాంకులోకి దిగితే అడుగుకే పోతుంది, అంటే సరిగ్గా రిజర్వు తాగే చోటికి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం కలుస్తున్న ఇథనాల్ కొద్దిపాటి నీటిని తనలో కలుపుకుంటుంది, హద్దు మీరితే ఆ నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగున పేరుకుంటాయి. వానల్లో నానిన బండి ఆన్‌లో బాగా నడిచి, రిజర్వుకు తిప్పగానే మొరాయిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇథనాల్ వల్ల మైలేజీ తగ్గి రిజర్వు దూరం పడిపోయిందనే గొడవ ఇంకొకటి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ అన్నది వాస్తవం. ఈ-20 కోసం, అంటే ఈ 20 శాతం ఇథనాల్ పెట్రోలు కోసం, తయారుకాని పాత ద్విచక్ర వాహనాలకు 3 నుంచి 4 శాతం మైలేజీ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే ఉంది. 50 కిలోమీటర్ల రిజర్వులో అది రెండు కిలోమీటర్లు. నెల ఖర్చులో దాని గురించి పోట్లాడొచ్చు గానీ, రిజర్వు లెక్కలో అంతకంటే పెద్ద దొంగ వేగం. వేగం రెట్టింపైతే గాలి నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. చిత్తూరు హైవే మీద చిన్న బండిని ఎదురుగాలిలో 80 మీద పెట్టి తోలితే పోయే పెట్రోలు ముందు ఇథనాల్ నష్టం లెక్కలోకి రాదు. రిజర్వులో పడగానే తొందరగా బంకుకు చేరాలని వేగం పెంచేవాళ్లున్నారు. టాప్ గేరులో 40, 45 మీద నెమ్మదిగా పోతేనే ఆ బంకు దగ్గరవుతుంది.

పెట్రోలు ఉండగానే రిజర్వులో పడ్డట్టు ఆగే బళ్లూ ఉన్నాయి. ట్యాంకు మూతలో గాలి పోయే సన్న రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ లోపల గాలి పలచబడి ప్రవాహం ఆగిపోతుంది. మూత తెరవగానే 'ఉస్సు'మని శబ్దం వచ్చి, మళ్లీ బండి మామూలుగా నడిస్తే రోగం అదే. ఒక సన్నటి తీగ చాలు.

మీ బండి లెక్క మీరే కట్టుకోవడం

కొత్త స్ప్లెండర్ ప్లస్ ట్యాంకు 9.8 లీటర్లు, పల్సర్ 150ది 15, క్లాసిక్ 350ది 13, యాక్టివాది 5.3. ఈ అంకెలు తెలుసుకుంటే రిజర్వు తెలిసినట్టు కాదు. ట్యాప్ ఉన్న బండికి తిరుగులేని పద్ధతి ఒకటుంది. సర్వీసుకు ఇచ్చినప్పుడు మెకానిక్‌తో ట్యాప్‌ను రిజర్వులో పెట్టి ట్యాంకు మొత్తం డబ్బాలోకి దించమనండి. చుక్క రావడం ఆగాక ట్యాప్‌ను ఆన్‌కు తిప్పి, కొలత గీతలున్న మగ్గుతో పెట్రోలు కొంచెం కొంచెంగా పోయమనండి. ఆన్ గొట్టంలోంచి ధార మొదలయ్యేసరికి ఎంత పోశారో అదే మీ బండి వాడుకోదగ్గ రిజర్వు. కిందికి దిగకుండా మూలల్లో మిగిలేది ముందే లోపల ఉండిపోయింది కాబట్టి లెక్కలోకి రాదు. బండి చల్లగా ఉండగా, ఆరుబయట, చుట్టుపక్కల బీడీ కాల్చేవాళ్లు లేనప్పుడే ఈ పని చేయాలి.

ఎఫ్ఐ బండికి ఇంత కచ్చితంగా కుదరదు. చివరి గీత మినుకుమన్న వెంటనే బంకుకు పోయి, మెయిన్ స్టాండ్ వేసి, నిండా పోయించి, పట్టిన లీటర్లను ట్యాంకు సామర్థ్యంలోంచి తీసేయండి. వచ్చినదాంట్లో ఇంకో అర లీటరు పంపుకు అందదని కొట్టేయండి. మూతి అంచు దాకా మాత్రం పోయించకండి, మన ఎండలకు పెట్రోలు వ్యాకోచించి పొంగుతుంది.

ఇక మైలేజీ. ప్రకటనలో అంకె వదిలేయండి. నిండా పోయించి, రెండు మూడు వందల కిలోమీటర్లు మామూలుగా తిరిగి, మళ్లీ నిండా పోయిస్తే వచ్చేది మీ మైలేజీ. నేనైతే అందులో మూడింట రెండు వంతులే తీసుకుని రిజర్వుతో గుణిస్తాను. లీటరుకు 50 ఇచ్చే బండి, 1.2 లీటర్ల రిజర్వు అయితే 40 కిలోమీటర్లు. కాగితం మీద 60 వస్తుంది, నిజానికి చాలాసార్లు అంత పోతుంది కూడా. ఎక్కుడు దారి, ఎదురుగాలి, వెనక మనిషి, ట్రాఫిక్ ఈ నాలుగింటిలో ఏ రెండు కలిసినా ఆ పై 20 కరిగిపోతాయి.

ఈ లెక్క తిరుపతి, చంద్రగిరి మధ్య అవసరం లేదు, అడుగడుగునా బంకులే. భాకరాపేట ఘాట్ మీదుగా తలకోన పోయేటప్పుడు కావాలి. పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు కావాలి. చిత్తూరువాళ్లకు దీంట్లో ఇంకో ఆశ ఉంటుంది. కర్ణాటకలో, తమిళనాడులో పెట్రోలు మన కంటే లీటరుకు కొన్ని రూపాయలు చవక. నంగిలి దాటి పోయించుకుందాం లెమ్మని రిజర్వులోనే మొగిలి ఎక్కేవాళ్లను చూస్తుంటాం. ఘాట్ ఎక్కేముందు బంగారుపాళ్యంలో ఒక లీటరు పోయించుకుని, మిగతాది నంగిలిలో నింపుకుంటే పోయేది ఆ ఒక్క లీటరు మీద తేడా, టీ ఖరీదు. కౌండిన్య అడవిలోంచి ఏనుగులు రోడ్డు మీదికి వచ్చే ఆ ప్రాంతంలో చీకటి పడ్డాక బండి తోసుకుంటూ పోవడం కంటే టీ మానేయడం నయం.

అయినా ఆగిపోతే? ముందు మూత తెరిచి ఊపి చూడండి, లోపల గలగలమంటే పెట్రోలు ఉన్నట్టే. ట్యాప్ ఉన్న వైపుకు హ్యాండిల్ దాదాపు నేలకు ఆనేలా వంచి, మెల్లగా లేపండి. ఇలా వచ్చేది మహా అయితే ఒకటి రెండు కిలోమీటర్లకు సరిపోతుంది, అదీ ఒకసారే. వెనక ఇంకో బండివాడు కాలు ఆనించి తోసుకుపోవడం మన దగ్గర మామూలే గానీ, ఘాట్‌లో అది వద్దు, మలుపులో ఇద్దరూ పడతారు. సీసాలో పొయ్యమంటే చాలా బంకుల్లో పొయ్యరు కాబట్టి, దారినపోయే బండివాణ్ని అడిగి అర లీటరు గొట్టంతో తీసుకోవడమే తేలిక. చాలామంది కాదనరు. కార్బురేటర్ బండిలో పెట్రోలు పోశాక గిన్నె నిండేదాకా అర నిమిషం ఆగి కిక్కు కొట్టండి. ఎఫ్ఐ బండిలో పోసిన వెంటనే సెల్ఫ్ నొక్కితే బ్యాటరీ దిగడం తప్ప లాభం లేదు. కీ ఆన్ చేస్తే ట్యాంకులోంచి పంపు సన్నగా గుయ్యిమంటుంది, అది ఆగాక కీ ఆపేయాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే గొట్టంలో గాలి పోయి పెట్రోలు నిండుతుంది. అప్పుడు నొక్కితే అందుకుంటుంది.